ఎనిమిది పతకాలకు పాట, పదిహేను పతకాలకు ఫుట్‌నోట్

ఐర్లండ్ ఆటల్లోకి నేను పెగ్ సేయర్స్ ఆత్మకథ మీదుగా వచ్చాను. ఇది దొడ్డిదారే. పిహెచ్.డి. చేసే రోజుల్లో, స్త్రీలు నోటితో చెబుతుంటే వేరెవరో రాసిపెట్టిన జీవిత కథల కోసం వెతుకుతూ ఆ పుస్తకం పట్టుకున్నాను. ఐర్లండ్ పడమటి అంచున బ్లాస్కెట్ అనే చిన్న దీవిలో కాపురం చేసిన పెగ్‌కి వందల కథలు నోటికి వచ్చు. తన సొంత భాష ఐరిష్‌లో చదవడం, రాయడం మాత్రం రాదు. ఆమె చెబుతుంటే కొడుకు రాశాడు. ఆ రాతప్రతిని దిద్ది 1936లో అచ్చుకు తెచ్చింది మాయ్రా నీ హినేజ అనే డబ్లిన్ రచయిత్రి. (ఐరిష్ ఇంటిపేరు ముందు 'నీ' ఉంటే ఆ వంశపు కూతురని అర్థం. ఈ సంగతి ముందుముందు పనికొస్తుంది.)

సంపాదకురాళ్ళ గురించి ఎవరూ ఎక్కువ రాయరు కదా. ఈమె గురించి దొరికిన నాలుగు వాక్యాల్లో ఒకటి దగ్గర ఆగిపోయాను. హర్లింగ్ అనే ఐరిష్ ఆటకు స్త్రీలు ఆడే రూపం కమోగీ. 1904లో దాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ఈమె ఒకరు. ఆడింది కూడా. ఆ సంఘానికి మొదటి అధ్యక్షురాలు. మరి కొన్నాళ్ళకు ఇంకో సంగతి తెలిసింది. పెగ్ పుస్తకాన్ని ఇంగ్లీషులోకి అనువదించిన బ్రయన్ మక్‌మాన్, హర్లింగ్ వీరుడు క్రిస్టీ రింగ్ మీద ఒక పాట కట్టాడు. తన భాషలో ఒక అక్షరం రాయలేని ముసలామె పుస్తకం మీద చేయి వేసిన వాళ్ళు ఇద్దరు. ఒకామె ఒక ఆటనే పుట్టించింది. ఒకాయన ఒక ఆటగాడి మీద పాట రాశాడు. వీళ్ళిద్దరిలో ఎవరి పని జనం నోట మిగిలిందో చెప్పనక్కరలేదు.

ఈ వ్యాసం ఆ పాట మీద ఫిర్యాదు కాదు. రింగ్ కథలు చదివి నేనూ ఆయన మీద ఇష్టం పెంచుకున్నదాన్నే. ఒక సమాజం తన ఆటగాళ్ళను ఎలా ప్రేమిస్తుంది, ఆ ప్రేమకు ముడిసరుకు ఎక్కడినుంచి వస్తుంది, ఆ సరుకు స్త్రీలకు ఎందుకు అందలేదు అన్నది నా ఆసక్తి.

ముందు ఆట గురించి రెండు మాటలు. హర్లింగ్‌లో జట్టుకు 15 మంది. చేతిలో యాష్ చెట్టు నుంచి చెక్కిన కర్ర, చివర చదునుగా వెడల్పుగా ఉంటుంది. తోలు కప్పిన చిన్న బంతిని దానితో గాల్లోనే బాదుతారు. గోలు స్తంభాలు ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటాయి. అడ్డకర్ర కిందినుంచి వలలోకి పోతే గోల్, అంటే మూడు పాయింట్లు. పైనుంచి పోతే ఒకటి. తలకు హెల్మెట్ తప్పనిసరి చేసింది 2010లోనే. అంతకు ముందు తరాల వాళ్ళు ఉత్త తలతోనో గుడ్డ టోపీతోనో ఆడారు. దీనితో పాటు నడిచేది గేలిక్ ఫుట్‌బాల్. అందులో బంతిని చేత్తో పట్టుకోవచ్చు, పిడికిలితో కొట్టవచ్చు, కాలితో తన్నవచ్చు.

ఈ ఆటలకు నియమాలు రాసి సంఘం పెట్టింది 1884 నవంబర్ 1న, టిపరేరి కౌంటీలోని థర్లెస్ పట్టణంలో, హేస్ హోటల్లో. మైకేల్ క్యూసాక్ అనే బడిపంతులు పిలుపు మీద కూడిన కొద్దిమంది గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ స్థాపించారు. వలస పాలనలో ఉన్న జాతి తన భాషను, పాటను, ఆటను వెనక్కి తెచ్చుకోవాలనుకున్న కాలం అది. మదనపల్లెకు వచ్చి పనిచేసిన మార్గరెట్ కజిన్స్ కూడా ఆ ఐర్లండ్‌లోనే ఎదిగింది. మాయ్రా నీ హినేజకు ఇంచుమించు సమవయస్కురాలు. జాతీయోద్యమం స్త్రీలను పిలిచిన తీరు, పిలిచి ఎక్కడ కూర్చోబెట్టిందన్నది మనకు తెలియని కథ కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం ఉంది. ఈ ఆటల్లో జీతం లేదు. ఐర్లండ్‌లో అతి పెద్ద స్టేడియం క్రోక్ పార్క్‌లో ఎనభై వేల మంది ముందు ఆదివారం ఆడిన మనిషి సోమవారం బడిలో పాఠం చెబుతాడు, లేదా పాలు పితుకుతాడు. ఆటగాళ్ళ కొనుగోలు, అమ్మకం ఉండదు. తన ఊరి క్లబ్బుకి, తన కౌంటీకి ఆడాలి. అంటే వీరుడు మీ వీధివాడు, మీ అత్తగారి ఊరివాడు. క్రిస్టీ రింగ్ ఆయిల్ కంపెనీ లారీ నడిపేవాడు. ఆయన్ను చూడాలనుకున్న కుర్రాడికి టిక్కెట్టు అక్కరలేదు, పెట్రోలు బంకు దగ్గర నిలబడితే చాలు. ఈ దగ్గరితనం వల్లనే అక్కడి వీరారాధన మన సినిమా తారల మీది మోజుకు భిన్నంగా ఉంటుంది. దేవుడిలా చూస్తారు, పేరు పెట్టి పిలుస్తారు.

రింగ్ 1920లో కార్క్ కౌంటీ క్లోయిన్ అనే ఊళ్ళో పుట్టాడు. 1941 నుంచి 1954 మధ్య ఎనిమిది ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచాడు. ఎనిమిదోది 1954 ఫైనల్, ప్రత్యర్థి వెక్స్‌ఫర్డ్. ఆ రోజు 84 వేలకు పైగా జనం వచ్చారు. హర్లింగ్ చరిత్రలో అంత జనం మళ్ళీ రాలేదు. కానీ రింగ్‌ను పురాణ పురుషుడిని చేసింది ఆ ఎనిమిది కాదనిపిస్తుంది, రాకుండా పోయిన తొమ్మిదోదే. 1956 ఫైనల్లో మళ్ళీ వెక్స్‌ఫర్డే ఎదురు. ఆట ముగింపుకు వస్తుండగా రింగ్ కొట్టిన బంతిని వెక్స్‌ఫర్డ్ గోల్‌కీపర్ ఆర్ట్ ఫోలీ ఆపేశాడు. ఆ బంతే అటు చివరకు వెళ్ళి నికీ రాకర్డ్ గోల్‌గా మారింది. వెక్స్‌ఫర్డ్ గెలిచింది. అప్పుడు గెలిచిన జట్టులోని ఇద్దరు, నిక్ ఒడానెల్, బాబీ రాకర్డ్, ఓడిన రింగ్‌ను భుజాల మీదికి ఎత్తుకుని మైదానం దాటించారు. తమ కప్పు కంటే ముందు ఓడిన వాడి గౌరవం గుర్తొచ్చిన ఆ దృశ్యం గురించి చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. ఆ ఇద్దరూ దాన్ని ఏ సిద్ధాంతం కోసమూ చేయలేదు.

రింగ్ 1979 మార్చిలో కార్క్ నగర వీధిలో నడుస్తూ కుప్పకూలి చనిపోయాడు. సమాధి దగ్గర మాట్లాడింది అప్పటి ప్రధానమంత్రి జాక్ లించ్. లించ్ కూడా ఒకప్పుడు రింగ్ పక్కన ఆడినవాడే; 1941 నుంచి 1946 దాకా వరసగా ఆరేళ్ళు ఆల్ ఐర్లండ్ పతకాలు గెలిచాడు, అందులో ఒకటి ఫుట్‌బాల్‌లో. దేశ ప్రధాని తన పాత జట్టు కెప్టెన్లతో, లారీ డ్రైవర్లతో సమానంగా నిలబడి కన్నీళ్ళు పెట్టగలిగిన ఆట ఇది. ఆ నిలబడ్డ వరసలో స్త్రీలు లేరన్నది తర్వాతి మాట.

వీరుడు కావడానికి పతకాలే అక్కరలేదు. లిమరిక్ వాడు మిక్ మాకీకి మూడే ఉన్నాయి. కానీ రింగ్ గొప్పా, మాకీ గొప్పా అన్న వాదన ఒక తరాన్నంతా నిద్రపోనివ్వలేదు. 1957లో తీసిన ఒక ఫోటో ఉంది. మణికట్టుకు గాయమై రింగ్ మైదానం వదిలి వెళుతున్నాడు. గోలు స్తంభం దగ్గర అంపైరుగా తెల్లకోటులో మాకీ నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఏదో అనుకుంటున్నారు. ఏమనుకున్నారో ఇద్దరిలో ఎవరూ బయటపెట్టలేదు. ఆ చెప్పని మాట మీద ఎన్ని కథలు అల్లుకున్నాయో లెక్కలేదు. మౌఖిక సాహిత్యం చదివిన వాళ్ళకు ఇది చప్పున అర్థమవుతుంది. కథలో ఖాళీ ఉంటేనే వినేవాడు అందులోకి చేరతాడు.

మేయో కౌంటీ విల్లీ జో పాడెన్‌కు ఆల్ ఐర్లండ్ ఫుట్‌బాల్ పతకం ఒక్కటీ లేదు. 1989 సెమీఫైనల్లో తల పగిలి, రక్తంతో తడిసిన కట్టుతోనే ఆడాడు. ఆ కట్టు కట్టుకున్న ఫోటో చాలు. నికీ రాకర్డ్ పశువుల డాక్టరు. 1954 సెమీఫైనల్లో ఒక్కడే ఏడు గోల్స్, ఏడు పాయింట్లు కొట్టిన వాడు. తాగుడుకు బానిసయ్యాడు, దాని నుంచి బయటపడ్డాడు, మిగిలిన జీవితం తాగుడు మానాలనుకునే వాళ్ళకు తోడుగా నిలిచాడు. 1976లో చనిపోయాడు. ఆయన బలహీనత కూడా ప్రేమలో భాగమైపోయింది. పురుష వీరుడికి ఉన్న గొప్ప సౌకర్యం ఇదే: ఓటమి, గాయం, వ్యసనం, మౌనం, ఏది జరిగినా కథలో చేరిపోతుంది. పాపం పెగ్ సేయర్స్‌కి ఆ సౌకర్యం లేదు. బిడ్డల్ని పోగొట్టుకున్న సంగతి చెప్పినందుకు, ఆమె పుస్తకం బడిలో పాఠ్యగ్రంథమైనందుకు, ఐరిష్ పిల్లలు కొన్ని తరాల పాటు ఆమెను ఏడుపుగొట్టు ముసలమ్మ అని వెక్కిరించారు.

ఈ వీరులందరి వెనకా ఒక గొంతు ఉంది. 1926 ఆగస్టు 29న కిల్కెనీ, గాల్వే మధ్య హర్లింగ్ సెమీఫైనల్‌ను డబ్లిన్ రేడియో మైదానం నుంచే వినిపించింది. యూరప్‌లో ఒక మైదానపు ఆటను అలా రేడియోలో చెప్పడం అదే మొదలంటారు. 1938లో పద్దెనిమిదేళ్ళ మీహాల్ ఒహేర్ మైకు పట్టుకున్నాడు; దాదాపు యాభై ఏళ్ళు వదలలేదు. కరెంటు కూడా రాని పల్లెల్లో, రేడియో ఉన్న ఇంటి కిటికీ దగ్గర ఊరంతా చేరేది. 1947లో ఫుట్‌బాల్ ఫైనల్ న్యూయార్క్‌లో జరిగింది. అట్లాంటిక్ దాటి వస్తున్న టెలిఫోన్ లైనుకు కేటాయించిన సమయం అయిపోతుంటే, ఇంకో ఐదు నిమిషాలు ఉంచమని ఒహేర్ ప్రసారంలోనే బతిమాలాడు. లైను తెగలేదు. ఆ బతిమాలడం కూడా ఇప్పుడొక కథ. చూడని ఆటను చూసినట్టు చెప్పగల గొంతు దొరికిన తరం ఆటగాళ్ళు కాబట్టి రింగ్, మాకీ, రాకర్డ్ అంత పెద్దవాళ్ళయ్యారు. హరికథలో దాసుగారి గొంతుకు ఎంత పాత్ర ఉందో ఇక్కడ వ్యాఖ్యాతకు అంత పాత్ర ఉంది.

సరిగ్గా ఆ కాలంలోనే కేథ్లీన్ మిల్స్ ఆడింది.

1923లో పుట్టి డబ్లిన్‌లో రైల్వే ఉద్యోగులు ఎక్కువగా ఉండే ఇంచికోర్‌లో పెరిగింది. రైల్వే కంపెనీ క్లబ్బు తరఫున ఆడింది. 1942 నుంచి 1961 మధ్య డబ్లిన్ జట్టులో 15 ఆల్ ఐర్లండ్ సీనియర్ కమోగీ పతకాలు గెలిచింది. మళ్ళీ చెబుతున్నాను, పదిహేను. రింగ్‌వి ఎనిమిది. ఆ ఆటలో ఆ లెక్కను ఇంతవరకు ఎవరూ దాటలేదు. నేను తిరగేసిన పాటల సంకలనాల్లో రింగ్ మీద, మాకీ మీద, రాకర్డ్ మీద పాటలున్నాయి. మిల్స్ పేరు నాకు ఎక్కువగా పట్టికల్లో, పట్టికల కింద ఫుట్‌నోట్లలో కనబడింది.

పదిహేను పతకాలు గెలిచిన మనిషికి గౌరవం ఇవ్వలేదా అంటే, ఇచ్చారు. ఒక కప్పుకు ఆమె పేరు పెట్టారు. అది జూనియర్ స్థాయి కప్పు. సీనియర్ విజేతలకు ఇచ్చే కప్పు పేరు ఒడఫీ కప్పు. 1932లో దాన్ని ఇచ్చిన షాన్ ఒడఫీ కమోగీని ఊరూరా నిలబెట్టడానికి నిజంగా కష్టపడిన కార్మిక సంఘ నాయకుడు. స్త్రీల గేలిక్ ఫుట్‌బాల్ సంఘం 1974లో పుట్టింది, అదీ థర్లెస్‌లోని అదే హేస్ హోటల్లో. దాని పెద్ద కప్పు పేరు బ్రెండన్ మార్టిన్ కప్పు. ఆయనా ఆ సంఘాన్ని మొదలుపెట్టిన వాళ్ళలో ఒకరు. ఈ ఇద్దరి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. అయినా రెండు ఆటల్లోనూ అతి పెద్ద కప్పును ఎత్తిన ప్రతి స్త్రీ ఒక మగవాడి పేరే ఎత్తుతోంది. ఆడిన వాళ్ళలో అందరికన్నా ఎక్కువ గెలిచిన ఆమె పేరు కింది మెట్టు మీద ఉంది. పేర్లు పెట్టే పని చిన్నదిగా కనిపిస్తుంది గాని, ఎవరిని తలుచుకోవాలో పిల్లలకు ముందుగా నేర్పేది ఆ పేర్లే.

క్రోక్ పార్క్ స్టాండు పేరూ అలాంటిదే. 1920 నవంబర్ 21న, స్వాతంత్ర్య యుద్ధం జరుగుతుండగా, డబ్లిన్, టిపరేరి ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తున్న జనం మీద బ్రిటిష్ బలగాలు కాల్పులు జరిపాయి. 14 మంది చనిపోయారు. వాళ్ళలో టిపరేరి ఆటగాడు మైకేల్ హోగన్ ఒకడు. ప్రధాన స్టాండుకు ఆయన పేరు పెట్టారు. ఇప్పటికీ కప్పు అందుకునేది హోగన్ స్టాండు మెట్ల మీదే. చనిపోయిన వాళ్ళలో ఒకే ఒక్క స్త్రీ జేన్ బాయిల్, వయసు 26, మాంసం దుకాణంలో పనిచేసేది. పెళ్ళాడబోయే వాడితో కలిసి ఆట చూడటానికి వచ్చింది. పెళ్ళికి ఐదు రోజులే ఉంది. గ్లాస్నెవిన్ శ్మశానంలో ఆమె సమాధికి 2015 వరకు రాయి లేదు. ఇందులో ఒక్క జేన్ కథే లేదు, మరికొందరు పురుషుల సమాధులకూ అప్పటిదాకా గుర్తు లేదు. వీరుడనే మాట ఆటగాడికే సరిపోతుందనుకున్నప్పుడు చూడవచ్చిన వాళ్ళందరూ పేరు లేని జనం కిందికి వచ్చేస్తారు. స్త్రీ ఆ జనంలోనూ చివర.

కమోగీ ఆరంభంలో ఒక విచిత్రం ఉంది. 1904 జూలైలో నావన్ పట్టణంలో బహిరంగంగా ఆడిన మొదటి మ్యాచ్‌లో రెండు జట్ల పేర్లు కీటింగ్స్, కూహలిన్స్. కీటింగ్ పదిహేడో శతాబ్దపు చరిత్రకారుడు. కూహలిన్ ఐరిష్ పురాణ వీరుడు. పిల్లవాడుగా ఉండగా హర్లింగ్ కర్రతో బంతిని కొట్టి భయంకరమైన కాపలా కుక్కను చంపిన వాడు. జాతీయవాదులకు అతను మొట్టమొదటి హర్లర్. పాదాల దాకా వచ్చే లంగాలు కట్టుకుని స్త్రీలు మైదానంలోకి దిగినప్పుడు కూడా పెట్టుకోవడానికి దొరికిన పేర్లు ఇద్దరు మగవాళ్ళవే. అదే పురాణంలో కూహలిన్‌కు యుద్ధవిద్య నేర్పిన గురువు స్కాహక్ అనే స్త్రీ. ఆమె పేరు ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదో, గుర్తొచ్చినా పెట్టబుద్ధి కాలేదో. భాషకోసం అంత పోరాడిన చదువుకున్న స్త్రీలే వాళ్ళు. ఆటకు పెట్టిన పేరు కూడా అంతే: మగవాళ్ళ కర్ర 'కమాన్', స్త్రీల కర్ర దానికన్నా చిన్నది, 'కమోగ్'. దాన్నుంచి కమోగీ. జట్టులో మనుషులూ తక్కువే, 1999 దాకా పన్నెండు మందే.

ఇక లంగా సంగతి. ఏంజెలా డౌనీ కిల్కెనీ ఆటగత్తె. కవల సోదరి ఆన్ కూడా అదే జట్టు. తండ్రి షెమ్ డౌనీ 1947లో కిల్కెనీకి ఆల్ ఐర్లండ్ హర్లింగ్ గెలిచిన జట్టులో ఆడాడు. ఏంజెలాకు 1974 నుంచి 1994 మధ్య 12 పతకాలు. 1985 నుంచి 1991 దాకా వరసగా ఏడేళ్ళు కిల్కెనీయే విజేత. ఆమె ఆట గురించి రాసిన దాదాపు ప్రతివారూ ముందు తండ్రి పేరు రాశారు. వంశపు కూతురు, 'నీ' అన్నమాట. మగ ఆటగాళ్ళ తండ్రుల గురించి రాయరా అంటే రాస్తారు. కానీ అక్కడ తండ్రి నేపథ్యం, ఇక్కడ తండ్రి అనుమతి పత్రం.

1989 ఫైనల్లో కార్క్ మీద ఏంజెలా గోల్ వైపు దూసుకుపోతుంటే వెనకనుంచి ప్రత్యర్థి ఆమె లంగా పట్టి లాగింది. లంగా ఊడి ఆమె చేతిలో ఉండిపోయింది. ఏంజెలా ఆగలేదు, వెనక్కి చూడలేదు, బంతిని వలలోకి పంపింది. కమోగీ చరిత్రలో అందరికీ తెలిసిన ఘట్టం ఏదైనా ఉంటే ఇదే. నవ్వుతూ చెబుతారు. ఆమెను ఎగతాళి చేసే నవ్వు కాదది, ముచ్చటపడే నవ్వే. అయినా నాకు అక్కడ ఏదో గుచ్చుకుంటుంది. పాడెన్ తల చుట్టూ ఉన్న గుడ్డ, ఏంజెలా నడుము నుంచి ఊడిన గుడ్డ, రెండూ అదే 1989లోవి. మొదటిది శౌర్యానికి గుర్తయింది. రెండోది తమాషా అయింది. ఏంజెలా పన్నెండు పతకాల ఆటలో, మణికట్టు తిప్పే తీరులో, బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టే తెలివిలో పాట కట్టదగ్గవి ఎన్నో ఉండి ఉంటాయి. జనం ఎంచుకున్న కథలో బట్ట ఉంది. అదే సమయంలో ఆ కథలోనే ఆమె గొప్పతనమూ ఉంది. సిగ్గుపడి ఆగవలసిన చోట ఆగకపోవడం ఏమిటో మనలో ప్రతివారికీ తెలుసు. అందుకే ఆ కథను వదులుకోబుద్ధి కాదు. నవ్వును తీసేసి చెప్పుకుంటే అది వీరగాథే.

మేయో కౌంటీ ఇంకో రకం ఉదాహరణ. అక్కడి పురుషుల ఫుట్‌బాల్ జట్టు 1951లో ఆల్ ఐర్లండ్ గెలిచింది. ఆ తర్వాత 2025 దాకా గెలవలేదు. 1989 నుంచి 2021 మధ్య 11 ఏళ్ళలో ఫైనల్ చేరి ఓడిపోయింది. 1951లో గెలిచి ఊరేగింపుగా ఇంటికి వస్తున్న ఆటగాళ్ళు దారిలో శవయాత్ర ఎదురైతే ఆగలేదనీ, ఒక మతగురువు శపించాడనీ ఐతిహ్యం. ఈ శాపం మీద పుస్తకాలు, డాక్యుమెంటరీలు, పాటలు వచ్చాయి. ఓటమి మీద ఇంత సాహిత్యం పుట్టించిన కౌంటీ మరొకటి లేదు. అదే మేయో నుంచి స్త్రీల జట్టు 1999, 2000, 2002, 2003లలో ఆల్ ఐర్లండ్ గెలిచింది. శాపం స్త్రీల జోలికి ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు. వాళ్ళ గెలుపు మేయో గెలుపుగా లెక్కకు రాలేదు కాబట్టి శాపానికి అడ్డు రాలేదు.

ఆ జట్టులో కోరా స్టాంటన్ ఉంది. పదమూడో ఏట మేయో సీనియర్ జట్టులోకి వచ్చింది. 1998లో, పదహారేళ్ళప్పుడు, తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. మరుసటి ఏడు ఫైనల్‌కు కొద్ది రోజుల ముందు కాలర్ బోన్ విరిగింది. ఆట మొదలయ్యే నిమిషానికి మిగిలిన వాళ్ళతో పాటు బరిలో నిలబడి, వెంటనే బయటకు వచ్చేసింది. ఆ రోజు మేయో గెలిచింది. తర్వాత రెండు దశాబ్దాల పాటు ఆడి, ముప్పై ఆరో ఏట ఆస్ట్రేలియా వెళ్ళి అక్కడి వృత్తి ఫుట్‌బాల్ లీగులో 2018 నుంచి ఆడింది. కోరా కథలో కావలసినవన్నీ ఉన్నాయి: తల్లి మరణం, విరిగిన ఎముక, దూరదేశం. ఆమెను కోరా అని ఒక్క పేరుతో పిలుస్తారు. వీరగాథ లక్షణాల్లో ఒకటి అది. అంటే ప్రేమ పుట్టే పద్ధతి స్త్రీల విషయంలోనూ అదే. గొంతులు, కెమెరాలు, పాఠకులు అక్కడికి చేరడమే ఆలస్యమైంది. 2019 స్త్రీల ఫుట్‌బాల్ ఫైనల్‌కు 56,114 మంది వచ్చారు.

కార్క్‌కు వస్తే రీనా బక్లీ, బ్రీజ్ కోర్కరీ. ఇద్దరికీ చెరి 18 ఆల్ ఐర్లండ్ పతకాలు, ఫుట్‌బాల్‌లో 11, కమోగీలో 7. ఒకే ఏడాదిలో రెండు ఆటలూ, రెండు శిక్షణలూ, జీతం లేకుండా. రీనా రెండు ఆటల్లోనూ కార్క్ కెప్టెన్‌గా కప్పు ఎత్తింది, 2012లో ఫుట్‌బాల్, 2017లో కమోగీ. బ్రీజ్ రాళ్ళు చెక్కే తాపీపని నేర్చుకుని, తర్వాత పాడి పశువులు పెట్టుకుంది. రింగ్ లారీ నడిపినందుకు మురిసిపోయిన కార్క్‌కు, రాయి చెక్కి పాలు పితికే బ్రీజ్ అంతకన్నా తక్కువ ముచ్చటా?

రింగ్ పుట్టిన క్లోయిన్‌లోనే డోనల్ ఓగ్ క్యూసాక్ పుట్టాడు. మూడు ఆల్ ఐర్లండ్‌లు గెలిచిన కార్క్ గోల్‌కీపర్. 2009లో తన ఆత్మకథలో తాను స్వలింగ ప్రేమికుడినని చెప్పాడు. ఆ స్థాయి గేలిక్ ఆటగాళ్ళలో బయటకు చెప్పిన మొదటి వాడు ఆయనే. అంతకు ముందే పుకార్లు పట్టుకుని మైదానాల్లో వెకిలి కూతలు కూశారు. పుస్తకం వచ్చాక ఊరు ఆయన్ను వెలివేయలేదు. రింగ్ విగ్రహం నిలబడి ఉన్న ఊరు అది. ఆ విగ్రహపు నీడలో పెరిగిన పిల్లవాడు మగతనానికి ఆ కంచు నమూనా ఒక్కటే కొలత కాదని చెప్పవలసి వచ్చింది. స్త్రీలను పక్కన పెట్టిన వీరుడి అచ్చు మగవాళ్ళలోనూ కొందరికి సరిపోలేదని నాకు ఆ పుస్తకం వల్లే బాగా తెలిసింది.

మళ్ళీ లంగా దగ్గరికి. ఏంజెలా గోల్ తర్వాత ముప్పై ఐదేళ్ళు గడిచినా కమోగీ నియమం మారలేదు. లంగా గాని, లంగాలా కనబడే స్కార్ట్ గాని వేసుకునే ఆడాల్సి ఉండేది. ఆటగాళ్ళ సంఘం అడిగి చూస్తే 70 శాతం మంది అది అసౌకర్యమన్నారు, 83 శాతం మంది నిక్కరు వేసుకునే వీలు కావాలన్నారు. 2024 మహాసభలో ఆ ప్రతిపాదన వీగిపోయింది. ఓడించింది స్త్రీలు నడిపే సంఘమే. ఈ ముక్క దాచకూడదు. 'మనం కూడా అలాగే ఆడాం కదా' అనే పెద్దవాళ్ళ మాట మన ఇళ్ళల్లో ఎంత పనిచేస్తుందో అక్కడా అంతే పనిచేసింది.

2025 మే 3న లెన్‌స్టర్ సెమీఫైనల్‌కు డబ్లిన్, కిల్కెనీ జట్లు రెండూ ఒక మాట అనుకుని నిక్కర్లతో మైదానంలోకి వచ్చాయి. కిల్కెనీ అంటే ఏంజెలా కౌంటీ, డబ్లిన్ అంటే మిల్స్ జట్టు. మార్చుకోకపోతే ఆట జరగదని రెఫరీ చెప్పాడు. లోపలికి వెళ్ళి స్కార్ట్‌లు వేసుకుని వచ్చి ఆడారు. వారం తిరక్కుండానే కార్క్, వాటర్‌ఫర్డ్ ఆటగత్తెలు మన్‌స్టర్ ఫైనల్లో అదే పని చేయడానికి సిద్ధపడ్డారు. ఆ మ్యాచ్‌ను ముందు రోజే వాయిదా వేశారు. మే 22న క్రోక్ పార్క్‌లో ప్రత్యేక సమావేశం పెట్టారు. ఏది వేసుకోవాలో ఆటగత్తె ఇష్టమని 98 శాతం ఓట్లు పడ్డాయి.

ఆగస్టులో ఫైనల్ గాల్వే, కార్క్ మధ్య జరిగింది. స్కోరు సమానంగా ఉండి సమయం అయిపోయాక, గాల్వేకు ఒక ఫ్రీ వచ్చింది. కారీ డోలన్ దాన్ని అడ్డకర్ర మీదుగా కొట్టింది. గాల్వే ఒక్క పాయింటుతో గెలిచింది. ఆ మ్యాచ్ మీద నేను చదివిన కథనాల్లో ఎక్కువ భాగం ఆ ఒక్క దెబ్బ గురించే రాశాయి, బంతి లేచిన తీరు గురించి, కొట్టే ముందు ఆమె ఎంతసేపు నిలబడిందన్న దాని గురించి.